అల్లూరు రాడ్లు, నిన్నటి పులుసు

నెల్లూరు వెళ్ళొచ్చానని చెప్తే ఎవరైనా ముందు అడిగేది చేపల పులుసు గురించే. తిన్నాను. మూడు రోజులూ తిన్నాను, మూడూ ఒకే చేతి వంట, అయినా మూడూ ఒకటి కాదు. ఆ సంగతి చెప్పాలంటే ముందు వెల్డింగు రాడ్ల గురించి చెప్పాలి. నిజానికి పులుసుకూ రాడ్లకూ ఏ సంబంధమూ ఉండకూడదు. లేకపోయి ఉంటే ఇది రాయాల్సిన పనే నాకు ఉండేది కాదు.

నా ఉద్యోగం తనిఖీ. పెద్ద కంపెనీలు తమకు సరుకు ఇచ్చేవాళ్ళ దగ్గరికి మమ్మల్ని పంపిస్తుంటాయి. ఈసారి పంపింది అణువిద్యుత్ కేంద్రాలకు ఉక్కు భాగాలు చేసిచ్చే ఒక కంపెనీ. ఆ భాగాలను అతికే రాడ్లు అల్లూరు దగ్గర ఒక చిన్న షెడ్డులో తయారవుతున్నాయట, వాళ్ళ దగ్గర కొనవచ్చో లేదో చూసి రమ్మన్నారు. కిటికీ చువ్వ అతికిన రాడ్డులో లోపముంటే చువ్వ ఊడుతుంది, మళ్ళీ అతుక్కుంటారు. ఇక్కడ అలా కుదరదు. ఒకసారి లోపల బిగించాక ఆ అతుకు దగ్గరికి మనిషి వెళ్ళి చూసే వీలుండదు. కాబట్టి ముందే అనుమానించాలి, ప్రతిదాన్నీ అనుమానించాలి. మా ఆయన దీన్ని జీతమిచ్చి మరీ అనుమానపడమనే ఉద్యోగం అంటాడు.

పైగా నాకు కుదురు తక్కువ. కాలుగాలిన పిల్లిలా తిరుగుతావని చిన్నప్పుడు మా అమ్మ తిట్టేది. నోరు కూడా అంతే, ఒకచోట ఉండదు. ఈ ప్రయాణంలో కాళ్ళు చేసిన పని ఒకటి, నోరు చేసిన పని ఒకటి ఉన్నాయి. రెండూ వరసలో వస్తాయి.

స్టేషన్ బయట కారం దోశ

రైలు నెల్లూరు చేరేసరికి తెల్లారింది. ఏప్రిల్ నెల. ప్లాట్‌ఫారం మీద దిగిన కాసేపటికే బట్టలు వీపుకు అతుక్కున్నాయి. హైదరాబాదు ఎండ మాడుస్తుంది, నెల్లూరు ఎండ ఉడకబెడుతుంది. నా తలలో అప్పుడే లెక్క మొదలైంది. ఇంత తేమలో రాడ్లు ఎలా ఆరుతాయి, ఆరినవి ఎలా నిలుస్తాయి?

షెడ్డువాళ్ళు పంపిన కారు డ్రైవరు పేరు మస్తానయ్య. నుదుటన విభూతి, పేరేమో అది. నాకు అడక్కుండా ఉండడం రాదు కదా, అడిగేశాను.

"మా అమ్మకు నాకంటే ముందు ఇద్దరు పోయినారు మేడం. కసుమూరు దర్గాకు మొక్కుకున్నింది. అందుకని నాకు మస్తానయ్య, మా చెల్లికి మస్తానమ్మ. ఈడ ఇంటికొకరు ఉంటారులే," అన్నాడు.

టిఫినుకు ఒక చిన్న హోటలు ముందు ఆపాడు. నేతి కారం దోశ డెబ్బై రూపాయలు. దోశ మీద ఎర్రకారం మెత్తి, పైన పప్పులపొడి చల్లి, నెయ్యి ధారగా పోశారు. మా సిద్దిపేటలో కారానికి పేరు పడ్డవాళ్ళమే, అయినా రెండో ముక్కకే నాకు ముక్కు కారింది. పక్క బల్ల దగ్గరి పెద్దాయన నా వైపు చెనిగపప్పు చెట్నీ గిన్నె జరిపి, "మెల్లిగా తిను తల్లా, దోశ యాడికీ పోదు," అన్నాడు. నేను మెల్లిగా తిన్న రోజు లేదని ఆయనకేం తెలుసు.

బాతులు దారివ్వాలి

అల్లూరు దారిలో వరికోతలు అయిపోవచ్చాయి. తారురోడ్డుకు సగం మేర వడ్లు ఆరబోసి ఉన్నాయి. మస్తానయ్య ఆ వడ్ల మీద టైరు పడకుండా ఎదురొచ్చే బస్సుకు అడ్డంగా అయినా పోతున్నాడు గాని వాటిని తొక్కడం లేదు. పొలాలు అయిపోగానే రొయ్యల గుంటలు. ఒక్కో గుంటలో ఏరియేటర్ల చక్రాలు తెల్లగా నీళ్ళు చిమ్ముతూ తిరుగుతున్నాయి. గాలిలో ఉప్పు. కారులో పెట్టుకున్న బిస్కెట్లు అప్పటికే మెత్తబడ్డాయి.

ఒక మలుపు దగ్గర కారు ఆగిపోయింది. రోడ్డు నిండా బాతులు. కోసిన మళ్ళల్లో రాలిన గింజలు మేపడానికి మందలుగా తోలుకొస్తారట. మస్తానయ్య ఇంజను ఆపి చేతులు కట్టుకున్నాడు. హారను కొట్టమన్నాను.

"కొడితే చెదిరిపోతాయి మేడం. ఒక్కో బాతును ఏరుకోను వాళ్ళకు ఈ పూటంతా పడతాది. మనకేం, అవి దాటేదాకే గదా."

ఆ నింపాదితనం నాకు ఒంటికి పడలేదు. దిగి, పక్కనుంచి చూద్దామని రెండడుగులు వేశాను, కాలు పిల్లకాలవ బురదలో పిక్కదాకా దిగబడింది. ఇనప ముక్కు ఉన్న నా పెద్ద బూటు లోపలే ఉండిపోయి, కాలు మాత్రం బయటికొచ్చింది. బాతులు తోలుకొచ్చిన మనిషి కర్ర పెట్టి బూటు పైకి తీసి ఇచ్చి, బాతుల వెంట వెళ్ళిపోయాడు. నవ్వి ఉంటే బాగుండేది. అనుమానాలతో పొట్ట ఉబ్బి వచ్చిన తనిఖీ ఇంజినీరమ్మ ఒక కాలుకు బూటు, ఒక కాలుకు బురదతో షెడ్డు గేటు దగ్గర దిగింది.

దేవసహాయం గారి షెడ్డు

షెడ్డు యజమాని దేవసహాయం గారు. అరవై దాటిన మనిషి, ఓడలు కట్టేచోట వెల్డరుగా చేరి ఫోర్‌మన్‌గా రిటైరై, సొంత ఊరికొచ్చి ఇది పెట్టుకున్నారు. నా కాలు చూసి ముందు బకెట్టుతో నీళ్ళు తెప్పించారు, తర్వాతే నమస్కారం పెట్టారు.

రాడ్డు చేయడం చూడ్డానికి సులువే. ఉక్కు తీగను జానన్నర ముక్కలుగా కోస్తారు, దాని మీద మందు కలిపిన ముద్దను పూతగా ఎక్కిస్తారు, ఆరబెట్టి పెద్ద ఓవెన్‌లో కాలుస్తారు. కాల్చిన తర్వాతే అసలు తిప్పలు. ఆ పూత ఎండిన అప్పడం లాంటిది, గాలిలో తేమ ఎక్కడున్నా పీల్చేస్తుంది. తడి పీల్చిన రాడ్డుతో అతికితే అతుకు లోపల సన్నటి బుడగలు మిగులుతాయి, లేదా పైకి నున్నగా కనిపించి కొన్నాళ్ళకు లోలోపల పగులుతుంది. అందుకని కాల్చిన రాడ్లను వాడేదాకా చిన్న ఓవెన్‌లో వేడిగా ఉంచుతారు. సముద్రం పక్కన ఈ పని పెట్టుకోవడం సాహసమే.

ఆ చిన్న ఓవెన్ గది సువార్తక్క చేతిలో ఉంటుంది. నలభై అయిదేళ్ళుంటాయి, చీర కొంగు నడుముకు బిగించి, తాళం చెవి మెడలో నల్లతాడుకు వేసుకుని తిరుగుతుంది. ఓవెన్ తలుపు మీద నల్లబోర్డు, దాని మీద సుద్దతో గుండ్రటి అక్షరాలు: "ఇందులో అన్నం క్యారియర్లు పెట్టరాదు." వేరే ఊళ్ళలో వెల్డర్లు రాడ్ల ఓవెన్‌లో మధ్యాహ్నం అన్నం వెచ్చబెట్టుకోవడం నేను లెక్కలేనన్నిసార్లు పట్టుకున్నాను. ఈ బోర్డు చూసి ఆనందం వేసింది. ఎవరు రాశారని అడిగితే, "నేనే మేడం. మా వెల్డరు నాగూరు ఒకసారి గుడ్ల కూర పెట్టబోయినాడు. కూరా గిన్నే లాక్కొని బయట పెట్టినాను," అంది సువార్తక్క.

దేవసహాయం గారు దాపరికం లేకుండా పరిస్థితి చెప్పారు. షెడ్డు ఇప్పుడు వారంలో మూడు రోజులే నడుస్తోంది. గేట్లకూ గ్రిల్లులకూ వాడే రాడ్లు పెద్ద కంపెనీలవి ఊరూరా దొరుకుతున్నాయి, వీళ్ళవి కొనేవాళ్ళు తగ్గారు. ఈ ఆర్డరు వస్తే ఏడాదంతా రోజూ పని ఉంటుంది. ఈ వారంలో తేలకపోతే ఆ కంపెనీ చెన్నై వైపు ఉన్న ఇంకొకరికి ఇచ్చేస్తుంది. "మా వాళ్ళకు చెప్పేసినాను మేడం. చెప్పకుండా ఉండాల్సింది. ఆశ పెట్టినాను," అన్నారు. నా చేతిలో ఏముందో అందరికీ తెలుసని ఆ మాటతో నాకు తెలిసింది. అప్పటినుంచి ఎవరు మర్యాద చేసినా నాకు ఇరుకుగానే ఉంది.

మధ్యాహ్నం భోజనానికి ఓవెన్ గది పక్క వరండాలో చాప వేశారు. షెడ్డులో పొయ్యి లేదు, టీ కూడా బయట కొట్టు నుంచి ఫ్లాస్కులో వస్తుంది. సువార్తక్క ఇంటి నుంచి క్యారియరు తెచ్చింది. అందరూ కళ్ళు మూసుకున్నారు. ఆమె చిన్న ప్రార్థన చేసింది: "ప్రభువా, ఈ ఆహారాన్ని దీవించు. దీన్ని వండిన చేతుల్నీ, మా ఇంటికొచ్చిన అతిథినీ దీవించు." ఆ తర్వాత అన్నం మీద చేపల పులుసు వడ్డించింది. మామిడికాయ ముక్కలు వేసిన కొరమీను పులుసు, రాత్రి వండింది. చల్లగా ఉంది.

మా ఇంట్లో చేపలంటే మృగశిర కార్తెనాడు తప్పనిసరి. పులుసు పొయ్యి దిగీ దిగకముందే కంచాల్లో పడాలి. నేను మొదటి ముద్ద కలుపుతూ నవ్వుతూనే అన్నాను, "మా సిద్దిపేటలో చల్లారిన చేపల కూరను పిల్లి కూడా ముట్టదక్కా."

అందరూ నవ్వారు. దేవసహాయం గారు, "నెల్లూరోళ్ళకు నిన్నటి పులుసే పులుసు మేడం, ముక్కకు పులుపు పట్టాల గదా," అన్నారు. సువార్తక్క కూడా నవ్వింది గాని, నా విస్తరి వైపు చూస్తూ నవ్వింది. నేను తొందరగా తిని లేచిపోయాను. పులుసు రుచి ఎలా ఉందో నిజంగా నాకు గుర్తు లేదు.

రెండో రోజు రెండు ప్లేట్లు

మర్నాడు పొద్దున్నే టెస్టు ప్లేటు అతికించాను. రెండు మందపాటి ఉక్కు పలకల్ని కంపెనీ కోసం చేసి పెట్టిన బ్యాచి రాడ్లతో కలిపి, దాన్ని నెల్లూరులో ఎక్స్‌రే తీయించి, లోపల ఏముందో చూస్తాం. అతికింది నాగూరు. పాతికేళ్ళ అనుభవం ఉన్న చెయ్యి, వణుకు లేదు. నిబంధనల ప్రకారం ఆ ఒక్క ప్లేటు చాలు. మిగిలిన రోజంతా నాకు ఖాళీ.

ఖాళీ అంటే నాకు పడదు. షెడ్డు చుట్టూ తిరిగాను. మందు పొడి బస్తాలు వాసన చూశాను. గేటు బయట రొయ్యల గుంట కాపలాదారుతో మాట్లాడాను. ఆయన పేరు పోలయ్య, గుంట గట్టు మీద తాటాకు పందిరి కింద మంచం. రొయ్య కౌంటు గురించి చెప్పాడు, కిలోకు ఎన్ని తూగితే ఏ ధరో. "మీరు రాడ్లను చూస్తారు, మేము నీళ్ళను చూస్తాం మేడం. రెండిట్లో చెడేదీ పైకి కనపడదు," అన్నాడు. నేను వాచీ చూసుకుంటూనే విన్నాను. మా బాస్ ఫోను చేసి, అయిపోయిందా, రిపోర్టు ఎప్పుడని అడిగాడు. మాట్లాడుతూ గుంటల గట్టు చివరిదాకా నడిచి, వెనక్కి వచ్చేసరికి భోజనం వేళయింది.

ఆ రోజు పులుసు వేడిగా ఉంది. పొగలు కక్కుతోంది. అదే కొరమీను, అదే మామిడికాయ. వేడికి మెంతుల వాసన ముక్కులోకి కొట్టింది. మా అమ్మ కార్తెనాడు వండిన కూర గుర్తొచ్చింది. మారు అడిగి వడ్డించుకున్నాను. "ఇదీ పులుసంటే," అన్నాను. సువార్తక్క ముఖం వెలిగిపోయింది. వేళ్ళకు గుడ్డ చుట్టుకుని వడ్డించింది, గిన్నె అంత వేడిగా ఉంది. నేను ఒక్కమాట కూడా అడగలేదు. జీతం తీసుకుని అనుమానించే మనిషిని, ఆ ఒక్క గిన్నెను అనుమానించలేదు.

తిన్నాక కూర్చోలేక, "ఇంకో ప్లేటు కూడా అతుకుదాం," అన్నాను. నాగూరు వింతగా చూశాడు. అక్కర్లేదని అతనికీ తెలుసు. సువార్తక్క ఓవెన్‌లోంచి రాడ్లు తెచ్చిచ్చింది, అతను అదే మిషను మీద అతికాడు. రెండు ప్లేట్లూ మస్తానయ్య కారులో నెల్లూరు పోయాయి.

సాయంత్రం నన్ను ఇసకపల్లి ఒడ్డుకు తీసుకెళ్ళాడు మస్తానయ్య. సముద్రం చూస్తే మనసు నెమ్మదిస్తుందని ఎవరో చెప్పారు. నాకు అలా ఏమీ జరగలేదు. అలలు కూడా నాలాగే, వచ్చిన పని చూసుకోకుండా వచ్చి పోతూనే ఉన్నాయి. ఇసుక మీద వలలు పరిచి ఎండుచేపలు ఆరేసిన ఒక ముసలమ్మ నన్ను ఎడంగా నడవమంది, నా నీడ చేపల మీద పడుతోందట. ఎండుచేపలు మూడు వందలకు బేరమాడి కొన్నాను. వాటి వాసన మా ఆయనకు పడదని తర్వాత గుర్తొచ్చింది.

ఫిల్ముల మీద

మూడో రోజు పొద్దున నెల్లూరు నుంచి ఎక్స్‌రే ఫిల్ములు వచ్చాయి. దీపం పెట్టెకు ఆనించి చూశాను. పొద్దున అతికిన ప్లేటు కడిగిన పలకలా శుభ్రంగా ఉంది. మధ్యాహ్నం అతికిన దానిలో అతుకు పొడవునా సూదితో పొడిచినట్టు నల్ల చుక్కలు. బుడగలు. లోపల గాలి పట్టింది.

అదే బ్యాచి, అదే మిషను, అదే చెయ్యి. పొద్దుటికీ మధ్యాహ్నానికీ మధ్య ఏదో జరిగింది. నాగూరును అడిగాను, మిషను చూశాను, పలకలకు నూనె అంటిందేమో చూశాను. దేవసహాయం గారు నా వెనకాలే నడుస్తున్నారు. చివరికి ఓవెన్ గదికి వెళ్ళాను. సువార్తక్క తాళం తీసింది. తలుపు తెరవగానే వేడిగాలి ముఖానికి తగిలింది, దానితోపాటు మెంతులు, చింతపండు.

ఆ వాసన నాకు తెలుసు. నిన్న మారు వడ్డించుకుని తిన్నది అదే. కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. నా జన్మలో కాళ్ళు ఆగిపోయిన సందర్భాలు తక్కువ.

"నిన్న పులుసు ఎక్కడ వెచ్చబెట్టారక్కా?" అన్నాను.

ఆమె దాచలేదు. "దీంట్లోనే మేడం. మీరు చల్లది తినలేకపోయినారు. ఈడ పొయ్యి లేదు గదా. పై అరలో పెట్టినాను, అంచుకు పొంగి కొంచెం కిందికి కారింది. తడిసిన రాడ్లు తీసేసి గుడ్డతో తుడిచినాను. మిగతావి బాగుండాయనుకున్నా."

"మనం ఎప్పుడూ దాంట్లో పెట్టం గదమ్మా," అన్నారు దేవసహాయం గారు మెల్లిగా.

"మనం ఎప్పుడూ పులుసు వెచ్చబెట్టం గదా అయ్యా. చల్లదే తింటాం." అని ఆమె ఆ బోర్డు వైపు చూసింది. "నా చేత్తో రాసిన బోర్డు."

ఇన్నేళ్ళుగా ఆ ఓవెన్‌లోకి అన్నం గిన్నె పోలేదు. వాళ్ళకు ఆ అవసరమే లేదు. తనిఖీ చేయడానికి నేను వచ్చాను, నా కోసం ఆ గిన్నె లోపలికి పోయింది. పొంగిన చారు కారిన రాడ్లను ఆమె ఏరేసింది సరే, ఆవిరి మాత్రం అరలన్నీ తిరిగింది. ఉప్పూ పులుపూ కలిసిన ఆవిరి. ఏ రాడ్డు ఎంత పీల్చిందో ఎవరూ చెప్పలేరు. సిగ్గేసింది, అంతకంటే ఎక్కువ భయమేసింది.

బయటికొచ్చి మా బాస్‌కు ఫోను చేశాను. అంతా విని, "నిబంధన ఒక్క ప్లేటే కదా? పొద్దుటిది బాగానే ఉంది కదా? రెండోది నిన్ను ఎవరు అతికించమన్నారు?" అన్నాడు. అందులో అబద్ధం లేదు. పొద్దుటి ఫిల్ము ఒక్కటీ పంపితే చాలు. ఎవరూ ఏమీ అడగరు. షెడ్డు ఏడాదంతా నడుస్తుంది. రెండో ప్లేటు నా కుదురులేనితనం తప్ప ఇంకేమీ కాదు.

గుంటల గట్టు మీద అటూ ఇటూ తిరిగాను. పోలయ్య మంచం మీంచి చూస్తున్నాడు. ఆ ఆవిరి పీల్చిన రాడ్డు ఏదో ఒకటి, ఎక్కడో ఎవరూ మళ్ళీ వెళ్ళి చూడలేని చోట ఒక అతుకులో ఉంటుంది. అది నాకు తెలిసి ఉంటుంది. రాత్రుళ్ళు పక్క మీద దొర్లుతూ దాన్ని గురించి ఆలోచించేది నేనే. నేను అసలే నిద్రకు పేదరాలిని.

తిరిగి వచ్చి దేవసహాయం గారికి చెప్పాను. బ్యాచి మొత్తం తిరస్కరిస్తున్నాను. కారణం ఉన్నదున్నట్టు రాస్తాను, ఆ పులుసు నాకోసమే వెచ్చబెట్టారని కూడా రాస్తాను. కొత్త బ్యాచి చేస్తే మళ్ళీ చూస్తాం, కానీ అది ఈ వారంలో కాదు.

ఆయన చాలాసేపు షెడ్డు కప్పు వైపు చూశారు. "నేను ఓడలకు ముప్ఫై ఏళ్ళు అతుకులేసినాను మేడం. తెలిసి చెడ్డ రాడ్డు పట్టినోణ్ణి కాదు. రాయండి," అన్నారు. నాగూరు గ్లౌజులు విప్పి బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళిపోయాడు. అతను నన్ను తిట్టినా నేను ఏమీ అనేదాన్ని కాదు.

మూడో భోజనం

ఆ మధ్యాహ్నం భోజనం ఉండదనుకున్నాను. నేనే అయితే పెట్టేదాన్ని కాదు. కానీ చాప వేశారు, విస్తళ్ళు వేశారు. సువార్తక్క కళ్ళు ఉబ్బి ఉన్నాయి, ఎక్కడో వెళ్ళి ఏడ్చి వచ్చినట్టుంది. కొంగు సర్దుకుని కళ్ళు మూసుకుంది. నేను మాత్రం కళ్ళు తెరిచే ఉన్నాను, ఏమని ప్రార్థిస్తుందోనని.

"ప్రభువా, ఈ ఆహారాన్ని దీవించు. దీన్ని వండిన చేతుల్నీ, మా ఇంటికొచ్చిన అతిథినీ దీవించు."

మొదటి రోజు చేసిన ప్రార్థనే. ఒక్కమాట తగ్గలేదు.

అన్నం వడ్డించి, పులుసు పోసింది. చల్లగా ఉంది. రాత్రి వండిందే. ఈసారి నేను తొందరపడలేదు. ముక్క విరిచి అన్నంలో కలిపి నోట్లో పెట్టుకున్నాను. పులుపు చేప లోపలిదాకా దిగింది, మామిడికాయ కరిగి చారులో కలిసిపోయింది. నిన్న వేడిలో అంతా నాలుక మీదే ఉండిపోయింది, ఇవాళ మెల్లిగా లోపలికి పోయింది. అంత మంచి పులుసు నేను ఎన్నడూ తినలేదు.

"మేడం, చల్లగా ఉండాది," అంది సువార్తక్క.

"చల్లగా ఉంటేనే బాగుందక్కా," అన్నాను. ఆ మాట మొదటి రోజే అని ఉంటే ఏమయ్యేదో అందరం ఆలోచించాం గాని ఎవరూ అనలేదు.

నెల్లూరు స్టేషనుకు వెళ్తుంటే బాతుల మంద మళ్ళీ ఎదురైంది. మస్తానయ్య ఇంజను ఆపాడు. నేను హారను కొట్టమనలేదు, కారు కూడా దిగలేదు. చివరి బాతు గట్టెక్కేదాకా చూస్తూ కూర్చున్నాను.

ఇంటికొచ్చాక

ఎండుచేపల వాసనకు మా ఆయన ఇల్లంతా కిటికీలు తీశాడు. ఆర్డరు చెన్నై వైపు వాళ్ళకు పోయింది. నా రిపోర్టు చదివిన మా ఆఫీసువాళ్ళు ఒక కొత్త నిబంధన పెట్టారు: ఇకమీద తనిఖీకి వెళ్ళినవాళ్ళు అక్కడ ఏమీ తినకూడదు, తాగకూడదు, తమ భోజనం తామే తీసుకెళ్ళాలి. ఆ నిబంధనకు ముందు ఉన్న రెండు పేరాలూ నేను రాసినవే. చదువుతుంటే ఒళ్ళు మండింది. ఓవెన్‌లో గిన్నె పెట్టవద్దంటే సరిపోయేది, వీళ్ళు చాపనే చుట్టేశారు.

మొన్న దేవసహాయం గారు ఫోను చేశారు. షెడ్డు ఇప్పటికీ వారంలో మూడు రోజులే నడుస్తోంది. ఓవెన్ అరలన్నీ మార్చారట. కొత్త బ్యాచి చేశారు, అదే కంపెనీ వచ్చే ఏడాది ఆర్డరు కోసం మళ్ళీ చూస్తామందట. "మీరే రావాలని అడిగినాము. నాగూరు కూడా అదే చెప్పినాడు," అన్నారు. ఆ తర్వాత ఫోను సువార్తక్క తీసుకుంది.

ఎలా చెప్పాలో తెలియక ఆ కొత్త నిబంధన గురించి మొదట్లోనే చెప్పేశాను. వస్తాను గాని మీ చేతి అన్నం తినడానికి లేదక్కా అన్నాను. ఫోనులో ఏరియేటర్ల చప్పుడు వినిపిస్తోంది.

"అట్టనే కానీండి మేడం," అంది చివరికి. "మీ డబ్బా మీరు తెచ్చుకోండి. చాప మీద మా ఎదురుగా కూర్చొని తినండి. మేము మా పులుసు తింటాం. వాసన చూడొద్దని అయితే రాయలేదు గదా?"

లేదన్నాను. డబ్బాలో పెరుగన్నం తెచ్చుకుంటానని చెప్పాను.

"తెచ్చుకోండి. ప్రార్థనలో అతిథిని మాత్రం తీసెయ్యనులే," అంది.